సాల్జ్‌బర్గ్ సంగీతోత్సవం: ఏ కచేరీకి వెళ్లాలి, దేనికి డబ్బులు దండగ?

అందరికీ నమస్తే. మన హన్మకొండ, కాజీపేట పిల్లలు జర్మనీలో ఎంతమంది చదువుతున్నారో కామెంట్లు చూస్తేనే తెలుస్తుంది, ఎండాకాలంలో వాళ్ల దగ్గరికి అమ్మానాన్నలు కూడా వెళ్తున్నారు కదా, ఈ వీడియో మీ కోసమే. తమ్ముడు మ్యూనిక్‌లో ఉంటాడు కాబట్టి మేమూ అట్లనే వెళ్లాం.

ముందే చెప్పేస్తున్నా. నాలుగు వందల యూరోలు దాటే ఒపెరా, అంటే పాటలతోనే నడిచే నాటకం, టికెట్ జోలికి పోకండి. ఈ ఊళ్లోనే పుట్టిన పాతకాలపు సంగీతకర్త మొజార్ట్ సంగీతంతో పొద్దున పదకొండు గంటలకు ఒక కచేరీ ఉంటుంది, మాటినీ అంటారు, దానికి వెళ్లండి.

సాల్జ్‌బర్గ్ ఆస్ట్రియాలో ఉంది కానీ జర్మనీ సరిహద్దును ఆనుకునే ఉంటుంది. జర్మనీలో లోకల్ రైళ్లు, బస్సులకు పనికొచ్చే నెలవారీ పాస్ డాయిచ్‌లాండ్ టికెట్ ఉన్నవాళ్లకు రీజనల్ రైలులో సాల్జ్‌బర్గ్ మెయిన్ స్టేషన్ దాకా అదే చెల్లుతుంది, ఫాస్ట్ రైళ్లలో చెల్లదు. తిరిగొచ్చేటప్పుడు జర్మనీ వైపు సరిహద్దు స్టేషన్ ఫ్రైలాసింగ్‌లో పోలీసులు రైలెక్కి కాగితాలు అడగొచ్చు. పాస్‌పోర్ట్ రూమ్‌లో వదిలేసి రావద్దు, అమ్మానాన్నలది అసలే వద్దు.

ఉత్సవం జులై చివర్లో మొదలై ఆగస్టు అంతా ఉంటుంది, అంటే మనకు ఆషాఢం, శ్రావణం. 1920లో కెథెడ్రల్ ముందు ఆరుబయట ఒక నాటకంతో మొదలైంది, ఇప్పటికీ ఆ నాటకం అక్కడే ఆడుతున్నారు. మొజార్ట్ 1756లో పుట్టిన ఇల్లు కూడా దగ్గర్లోనే, కాకపోతే అక్కడ ఫొటోల కోసం తోపులాట ఎక్కువ.

ఇప్పుడు మాటినీ సంగతి. శని, ఆదివారాల్లో మొజార్టేయం హాల్లో పెడతారు. సుమారు ఎనిమిది వందల సీట్ల హాలు, పెద్ద ఫెస్టివల్ హాల్లో రెండు వేల పైచిలుకు. మైకు లేదండీ! మన దగ్గర కచేరీ అంటే సగం టెన్షన్ మైకుతోనే, మృదంగం పెంచు, వయొలిన్ తగ్గించు అని సైగలు చేస్తూనే ఉంటారు. ఇక్కడ వయొలిన్ కమాను తీగ మీద ఆనిన చప్పుడు కూడా వినిపించింది. మొదట ఓబో అనే ఊదే వాద్యం ఒక స్వరం పట్టి ఉంచితే మిగతా వాళ్లంతా దానికి శ్రుతి కలుపుకుంటారు, మా బాపుకు అక్కడే సగం టికెట్ గిట్టుబాటు అయిపోయింది.

మేం విన్నది మొజార్ట్ 40వ సింఫనీ, అంటే పెద్ద వాద్యబృందం కోసం రాసిన సంగీతం. 1788 వేసవిలో వరసగా రాసిన మూడింటిలో నడిమిది. మొదలవగానే గుర్తుపడతారు, పాత ఫోన్లలో రింగ్‌టోన్‌గా విన్నదే. రాగాలాపన, గమకం కోసం చూస్తే నిరాశే. ఒక చిన్న ముక్కను వయొలిన్ల నుంచి ఫ్లూట్‌కి, అక్కడి నుంచి మంద్రంగా పలికే తీగ వాద్యాలకు అందిస్తూ ఎట్లా తిప్పుతారో పట్టుకుంటే మాత్రం టైమ్ తెలియదు. నాలుగు భాగాలుంటాయి, మధ్యలో చప్పట్లు కొట్టొద్దు. దగ్గు ఆపుకున్నవాళ్లంతా ఆ సందులోనే ఒకేసారి దగ్గుతారు, అదో వింత. బాపు అలవాటు కొద్దీ తొడ మీద తాళం వేస్తుంటే పక్కన పెద్దావిడ ఒక్క చూపు చూసింది, అంతే, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నాకైతే ఆ కట్టుదిట్టం కొంచెం ఎక్కువే అనిపించింది. బాగుంటే ‘శభాష్’ అనకుండా ఎట్లా ఉంటాం?

ఒపెరా కూడా చూశాం, చివరి వరసలో. ఫెల్సెన్‌రైట్‌షూలే అని 1693లో కొండను తొలిచి కట్టిన గ్యాలరీలు, మూడు వరసల్లో 96 తోరణాలు, అప్పట్లో గుర్రపు విన్యాసాలు చూడ్డానికట. చోటు అద్భుతం. కానీ మూడు గంటలు తెలియని భాషలో, పైన తెర మీద ఇంగ్లిష్ అక్షరాలు చదువుకుంటూ కూర్చుంటే పాట మీద ధ్యాస నిలవదు. కట్టడం చూడాలనుకుంటే గైడెడ్ టూర్ ఉంది.

బట్టల గురించి చాలామంది అడిగారు. మగవాళ్లు కోట్లు, ఆడవాళ్లు గౌన్లు, అక్కడి సంప్రదాయ డిర్న్‌డల్‌లు. అమ్మ పట్టుచీర కట్టుకుంది, ఇద్దరు ముగ్గురు ఆగి మరీ మెచ్చుకున్నారు. గొడుగు మాత్రం తప్పనిసరి, ఆ ఊరి వాన చెప్పి రాదు. ఆలస్యమైతే తలుపులు మూసేస్తారు, బతిమాలినా లాభం లేదు.

ఖర్చు వద్దనుకునేవాళ్లకు కాపిటెల్‌ప్లాట్జ్ అనే చౌరస్తాలో పెద్ద తెర మీద రాత్రిపూట పాత ప్రదర్శనలు ఉచితంగా వేస్తారు. కుర్చీలు తొందరగా నిండుతాయి, అరగంట ముందే వెళ్లండి, స్వెటర్ పట్టుకెళ్లండి. అమ్మకు అన్నిటికంటే అదే నచ్చింది, ఎందుకంటే అక్కడ మాట్లాడుకోవచ్చు.