కరెంటు లేని రాత్రి విన్న పిట్ట కూత

అందరికీ నమస్కారం.

ఈ బల్ల మీదున్న రేడియోను చూసి ఇందాక ఒకబ్బాయి "ఇవి ఇంకా అమ్ముతున్నారా అండీ?" అని అడిగాడు. అమ్ముతున్నారు బాబూ. ఇది కొని నాలుగేళ్లే అయింది. ఎఫ్‌ఎం, మీడియం వేవ్, షార్ట్‌వేవ్ మూడూ వస్తాయి. ఎఫ్‌ఎం అందరికీ తెలుసు. మన విశాఖ ఆకాశవాణిని 927 కిలోహెర్ట్జ్ మీద విన్నవాళ్లకి మీడియం వేవ్ కూడా తెలుసు. ఈ సాయంత్రం నేను చెప్పబోయేది మూడో బ్యాండు గురించి. యాభై ఏళ్లకు పైగా నాకు రోజూ తోడున్నది అదే.

మా నాన్నగారు పోర్టులో గుమాస్తా. వన్‌టౌన్‌లో రెండు గదుల ఇల్లు. గోడకి కొట్టిన చెక్క మీద పెద్ద వాల్వు రేడియో ఉండేది. స్విచ్ వేస్తే వెంటనే పలికేది కాదు. లోపల వాల్వులు ఎర్రబడి, వేడెక్కి, అప్పుడు మెల్లగా గొంతు విప్పేది. శ్రీలంక నుంచి వచ్చే రేడియో సిలోన్ పెడితే మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు వినిపించేది. ఆవిడ పాట పేరు చెప్తారు, పాట మొదలవుతుంది. చరణం మధ్యలో గొంతు ఎక్కడికో వెళ్లిపోతుంది. మేమంతా చెవులు రిక్కించి కూర్చుంటాం. మళ్లీ ఒడ్డుకి వచ్చినట్టు వస్తుంది. "ఎందుకమ్మా అలా పోయి పోయి వస్తుంది?" అంటే మా అమ్మ, "సముద్రం మీంచి కదమ్మా రావాలి, అలలతో పాటు వస్తుంది" అనేది.

చాలా ఏళ్లు నేను అదే నమ్మాను. కాలేజీలో చేరాక తెలిసింది, ఆ పాట వచ్చేది అలల మీంచి కాదు, ఆకాశం మీంచి అని. భూమికి సుమారు 80 కిలోమీటర్ల ఎత్తు నుంచి కొన్ని వందల కిలోమీటర్ల దాకా, సూర్యకాంతి గాలిలోని అణువుల నుంచి ఎలక్ట్రాన్లను విడదీస్తూ ఉంటుంది. అదే అయనోస్ఫియర్. 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ మధ్య తరంగాలు, అంటే షార్ట్‌వేవ్, అక్కడికి వెళ్లి వంగి మళ్లీ నేలకి దిగుతాయి. ఒక్క గెంతులో మూడు నాలుగు వేల కిలోమీటర్ల దాకా. నేల మీద, సముద్రం మీద తగిలి మళ్లీ పైకి లేస్తాయి, మళ్లీ దిగుతాయి. ఆ పొర నిలకడగా ఉండదు. ఒకే స్టేషన్ నుంచి రెండు దారుల్లో వచ్చిన తరంగాలు ఒకసారి కలిసి బలపడతాయి, ఒకసారి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. మా ఇంట్లో పాట పోయి పోయి వచ్చింది అందుకే.

ఈ పొరల్ని లోకంలో శ్రద్ధగా చదివిన చోట్లలో మన వాల్తేరు ఒకటి. ఆంధ్ర విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగంలో ఆచార్య బి. రామచంద్రరావు గారు, ఆయన శిష్యులు దశాబ్దాల క్రితమే అయనోస్ఫియర్ మీద పరిశోధన చేశారు. రేడియో తరంగాన్ని నిట్టనిలువుగా పైకి పంపడం, అది ఎంతసేపటికి తిరిగొచ్చిందో కొలవడం, దాన్నిబట్టి పొర ఎంత ఎత్తులో ఉందో లెక్కగట్టడం. నేను బీచ్ రోడ్డు మీద నడుస్తూ తల పైకెత్తినప్పుడల్లా ఆ పని గుర్తొస్తుంది. మా ఇంట్లో పాటని ఆడించిన ఆ ఎత్తునే వీళ్లు ఇక్కడ కూర్చుని కొలిచారు.

ఇంకోటి చెప్పాలి. మనం భూమధ్యరేఖకి దగ్గరగా ఉన్నవాళ్లం. మన నెత్తి మీది అయనోస్ఫియర్ పొద్దుగూకాక ఒక్కోసారి సాఫీగా ఉండదు, అందులో గుంటలు, బుడగలు పడతాయి. మార్చి-ఏప్రిల్, సెప్టెంబరు-అక్టోబరు నెలల్లో ఇది ఎక్కువ. ఆ సాయంత్రాల్లో స్టేషన్ బలంగానే తగులుతుంది గానీ గొంతు వణుకుతుంది, ఫ్యాను రెక్కల ముందు నోరు పెట్టి మాట్లాడినట్టు. కొత్తవాళ్లు రేడియో పాడైందనుకుని తట్టి చూస్తారు. పాడవలేదు. అది మన ఆకాశం చేసే చప్పుడు. ఆ వణుకు వినిపిస్తే నాకు ఇంటికొచ్చినట్టు ఉంటుంది.

షార్ట్‌వేవ్‌లో ఎప్పుడు ఏ బ్యాండు పెట్టాలి అనేది మొదట్లో అందరికీ వచ్చే ప్రశ్న. పగలు అయనోస్ఫియర్ అడుగున ఉండే డి పొర తక్కువ ఫ్రీక్వెన్సీలను మింగేస్తుంది, అందుకని పగలు 19, 16 మీటర్ల వైపు చూడండి. చీకటి పడితే ఆ పొర మాయమవుతుంది, 31, 41, 49 మీటర్లు నిండిపోతాయి. మీటర్లకి బెదిరిపోకండి. అవి తరంగం పొడవు. 300ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లు, అంతే. స్టేషన్లు ఏటా రెండుసార్లు, మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం, ఫ్రీక్వెన్సీలు మారుస్తాయి. షెడ్యూళ్లన్నీ యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఉమ్మడిగా ఉన్న సమయంలో ఉంటాయి కాబట్టి మన టైముకి ఐదున్నర గంటలు కలుపుకోవాలి. వీటన్నిటికంటే నాకు పనికొచ్చిన చిట్కా ఒకటుంది. 10 మెగాహెర్ట్జ్ దగ్గర ఆపి వినండి. చైనా టైమ్ స్టేషన్ సెకనుకొకటి చొప్పున టిక్కు టిక్కుమని కొడుతూ ఉంటుంది. అది గట్టిగా వినిపిస్తే తూర్పు దారి తెరుచుకున్నట్టే. నేను కాఫీ కలుపుకునే ముందు అది ఒకసారి చూసుకుంటాను.

ఈ షార్ట్‌వేవ్‌ని ఒకప్పుడు పనికిరానిదని పక్కన పెట్టారు. 200 మీటర్ల కంటే పొట్టి తరంగాలు దూరం వెళ్లవనుకుని వాటిని అమెచ్యూర్లకి, అంటే సరదాగా సొంత రేడియో నడుపుకునేవాళ్లకి వదిలేశారు. 1923 నవంబరులో ఫ్రాన్స్‌లో ఒకరు, అమెరికాలో ఒకరు, ఇద్దరూ అమెచ్యూర్లే, ఆ తరంగాల మీదే అట్లాంటిక్ దాటి మాట్లాడుకున్నారు. అప్పుడు గానీ పెద్ద కంపెనీలు ఇటు చూడలేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు తిరగకుండానే మన దేశంలో ఉషా మెహతా గారు ఆ తరంగాలనే చేతిలోకి తీసుకున్నారు. 1942 ఆగస్టులో, క్విట్ ఇండియా రోజుల్లో, బొంబాయిలో రహస్యంగా కాంగ్రెస్ రేడియో మొదలుపెట్టారు. 42.34 మీటర్ల మీద. పోలీసులకి దొరక్కుండా ట్రాన్స్‌మిటర్‌ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారుస్తూ నవంబరు దాకా నడిపారు. అప్పటికి ఆవిడకి ఇరవై రెండేళ్లు. ముందు వరసలో కూర్చున్న అమ్మాయిల వయసు.

ఇక మా అపార్ట్‌మెంట్ సంగతి. ఎంవీపీ కాలనీకి మారాక మొదటి రాత్రి రేడియో పెడితే అన్ని బ్యాండ్లలోనూ ఒకటే గరగర, మధ్యలో గుయ్‌మని రొద. ఏడుపొచ్చింది. ఆకాశం మారిందా అనుకున్నాను. కాదు, ఇల్లు మారింది. మర్నాడు పగలు రేడియోను బ్యాటరీల మీద పెట్టుకుని, చేత్తో పట్టుకుని గది గదీ తిరిగాను. ముందు మెయిన్ ఆపేశాను. రొద సగానికి పైగా పోయింది. అంటే ఎక్కువ మా ఇంట్లోదే. తర్వాత ఒక్కొక్క స్విచ్ వేస్తూ వచ్చాను. ఫ్రిజ్, ఏమీ లేదు. టీవీ, కొంచెం. ఫోన్ చార్జర్ పెట్టగానే 31 మీటర్ల బ్యాండు మొత్తం ముసురుకుంది. ఇంకా ఏదో మిగిలింది. చివరికి దేవుడి గూట్లో పెట్టిన చిన్న ఎల్‌ఈడీ బల్బు దగ్గరికి వెళ్తే రేడియో తేనెటీగల పట్టులా మోగింది. ఆ బల్బు తీసేసి నూనె దీపం పెట్టాను. చార్జర్ మార్చాను. ఏరియల్‌గా బాల్కనీ కమ్మీకి దూరంగా పది మీటర్ల తీగ, డాబా మీది నీళ్ల ట్యాంకు దాకా లాగాను. మన ఊళ్లో ఉప్పుగాలికి రాగి తీగ కొన్ని నెలలకే పచ్చబడుతుంది, కాబట్టి ప్లాస్టిక్ తొడుగున్న తీగే వాడండి, అతుకుల మీద టేపు చుట్టండి. ఉరుములు మొదలైతే తీగని రేడియో నుంచి తీసి ఇంటి బయటే వదిలేయండి. ఈ ఒక్క విషయంలో బద్ధకం పనికిరాదు.

అంత చేసినా పక్కింటి రొద, వీధి దీపాల రొద మిగిలే ఉంది. అది ఎంత ఉందో నాకు తెలిసొచ్చింది 2014 అక్టోబరులో.

హుద్‌హుద్ తుఫాను గురించి ఎవరికీ చెప్పనక్కర్లేదు. 12వ తేదీ ఆదివారం. గాలి తగ్గాక బయటికొస్తే వీధిలో నిలబడ్డ చెట్టు లేదు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, నీళ్లు లేవు. రెండో రోజు సాయంత్రం చీకటి పడుతుంటే కొవ్వొత్తి వెలుగులో బ్యాటరీలు వేసి రేడియో పెట్టాను, వార్తలేమైనా తెలుస్తాయని. ముందు రేడియో పని చెయ్యడం లేదనుకున్నాను. చప్పుడే లేదు. వాల్యూమ్ పెంచాను. ముల్లు కాస్త జరిపాను. ఒక గొంతు పక్కనే నిలబడి మాట్లాడినట్టు వచ్చింది. ఇంకాస్త జరిపితే ఇంకొకటి. ఊరంతా కరెంటు పోయింది కాబట్టి, ఊరంతా చేసే రొద కూడా పోయింది. నా చిన్నప్పుడు వన్‌టౌన్‌లో ఉన్న ఆకాశం తిరిగొచ్చింది.

అలా తిప్పుతూ ఉంటే ఒకచోట పిట్ట కూత వినిపించింది. గంట కొట్టినట్టుండే కూత, ఆగి మళ్లీ. అది న్యూజిలాండ్ రేడియో కార్యక్రమాల ముందు వేసుకునే గుర్తు. బెల్‌బర్డ్ అని అక్కడి అడవిలో ఉండే పిట్ట. అంతకుముందు ఎన్నోసార్లు వెతికాను, గరగర కింద ఎక్కడో ఉందేమో అనిపించేది, అంతే. ఆ రాత్రి 11,000 కిలోమీటర్లకు పైగా దాటి వచ్చి మా వంటింట్లో కూసింది. పక్కింటి పిన్నిగారు నీళ్ల కోసం వచ్చి గుమ్మంలో నిలబడిపోయారు. "మన చెట్లన్నీ పడిపోయాయి కదమ్మా, ఈ పిట్ట ఎక్కడిది?" అన్నారు. నేను చెప్పేసరికి కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. ఆవిడ పెరట్లో మామిడి చెట్టు ముందు రోజే కూలింది.

ఆ తర్వాత నుంచి నేను వారానికి ఒకరోజైనా తెల్లవారకముందే బీచ్‌కి వెళ్తాను. లైట్లకి దూరంగా, రుషికొండ దాటాక, తడి ఇసుక దగ్గర. అక్కడ తెలిసింది, మా అమ్మ చెప్పినదాంట్లో కూడా నిజం ఉందని. దూరపు స్టేషన్ల తరంగాలు ఆకాశం నుంచి బాగా వాలుగా దిగుతాయి. అలా నేలబారుగా వచ్చేవాటిని మామూలు నేల చాలావరకు తినేస్తుంది. ఉప్పునీరు కరెంటుని బాగా పారనిస్తుంది కాబట్టి అంతగా తినదు. మనకి తూర్పు, ఆగ్నేయం అంతా సముద్రమే. వియత్నాం, ఇండోనేషియా, న్యూజిలాండ్, అన్నీ ఆ వైపే. ఇంట్లో గుసగుసలా వచ్చే జపాన్ వాళ్ల రేడియో ఎన్‌హెచ్‌కే కూడా అక్కడ నిండుగా వస్తుంది. ఇంత మంచి చోటు ఇంటికి దగ్గర్లో ఉన్న ఊళ్లు దేశంలో కొన్నే.

స్టేషన్లు తగ్గిపోతున్నాయి, నిజమే. రేడియో నెదర్లాండ్స్ 2012లో, రేడియో ఆస్ట్రేలియా షార్ట్‌వేవ్ 2017 జనవరిలో ఆగిపోయాయి. బీబీసీ హిందీ షార్ట్‌వేవ్ 2020 జనవరితో అయిపోయింది. ఆ ఆఖరి రోజు నేను కూర్చుని విన్నాను, అన్నం తినబుద్ధి కాలేదు. మిగిలినవాటికి ఉత్తరం రాయండి. ఏ రోజు, ఏ సమయం, ఏ ఫ్రీక్వెన్సీ, ఏం విన్నారు, ఎలా వినిపించింది, ఇవి రాస్తే చాలు. మా షార్ట్‌వేవ్ వినేవాళ్ల భాషలో ఐదు అంకెలుంటాయి, సిగ్నల్ బలానికి, అడ్డొచ్చే స్టేషన్‌కి, రొదకి, ఊగిసలాటకి, మొత్తం మీద ఎలా వినిపించిందో దానికి, ఒక్కోదానికి ఐదు మార్కులు. విన్నట్టు ఒప్పుకుంటూ వాళ్లు కార్డు పంపుతారు. నా దగ్గర రుమేనియా కార్డు మీద ఉన్న చెక్క చర్చిని మా మనవరాలు పుస్తకంలో పెట్టుకుని బడికి తీసుకెళ్లింది. మన ఉత్తరం చూసి వాళ్లకి ఇటువైపు వినేవాళ్లున్నారని తెలుస్తుంది. ఏ ట్రాన్స్‌మిటర్ ఆపాలో తేల్చుకునే రోజున ఆ ఉత్తరాలు లెక్కకి వస్తాయని నా గట్టి నమ్మకం.

ఇక మాటలు చాలు. బయట చీకటి పడింది. కిటికీ పక్కన తీగ వేలాడదీశాను, రేడియోలో కొత్త బ్యాటరీలు వేశాను. ఇప్పుడు పెడితే ఈ హాలు లైట్ల రొదే వినిపిస్తుంది. వెనక ఉన్న బాబూ, ఆ మెయిన్ స్విచ్ ఒక్క పది నిమిషాలు ఆపేస్తావా? ఫ్యాన్లు కూడా. ఫోన్ చార్జర్లు పెట్టినవాళ్లు తీసేయండి. పిల్లలు ముందుకొచ్చి ఈ బల్ల చుట్టూ కూర్చోండి. ముల్లు మీలో ఒకరు తిప్పాలి, మెల్లగా, వెంట్రుకవాసి చొప్పున. 31 మీటర్ల దగ్గర మొదలుపెడదాం.