పిడికిలి ఎత్తున నెలవంక

శ్రోతలకు నమస్కారం.

అమావాస్య వెళ్ళిన రెండో రోజో మూడో రోజో, పొద్దు గుంకాక పడమటి వైపు సన్నటి నెలవంక, దాని పక్కనే మెరిసే చుక్క కనిపిస్తే హైదరాబాద్‌లో సగం మంది ఫోన్లు బయటికి తీస్తారు. ఆ చుక్క చాలాసార్లు శుక్రగ్రహమే. మర్నాడు వాట్సాప్ గ్రూపుల్లో చూస్తే అన్ని ఫోటోలూ ఒకేలా ఉంటాయి: నల్లటి ఆకాశం, మధ్యలో చెదిరిన తెల్లమచ్చ, పక్కన ఇంకో చిన్న మచ్చ. మంచి ఫోన్ కొనుక్కోవాలని అప్పుడు అనిపిస్తుంది. నన్నడిగితే ఫోన్ జోలికి పోకుండా ముందు టైము మార్చుకోమంటాను, ఆ తర్వాత నిలబడే చోటు.

టైము తెలుసుకోవడానికి గడియారం కంటే పిడికిలి నయం. చేయి బారుగా చాపి, పిడికిలి బిగించి, దిగంతం మీద ఆనించినట్టు పెట్టి చూడండి. పిడికిలి ఎత్తు సుమారు 10 డిగ్రీలు. మన హైదరాబాద్‌లో చంద్రుడు గానీ గ్రహం గానీ ఒక డిగ్రీ కిందికి దిగడానికి నాలుగు నిమిషాల పైచిలుకు పడుతుంది. అంటే పిడికిలి ఎత్తున ఉన్న నెలవంక మన చేతిలో ఉండేది ఇంకో నలభై నిమిషాలు. అదీ అడ్డంగా అపార్ట్‌మెంట్లు లేకపోతే.

సూర్యుడు దిగీ దిగగానే తీస్తే ఆకాశం వెలుగులో నెలవంక కరిగిపోతుంది. పైగా పెద్ద లెన్సుతో సూర్యుడి దగ్గర వెతకడం కంటికి ప్రమాదం, పూర్తిగా గుంకేదాకా ఆగాల్సిందే. మరీ చీకటి పడ్డాక తీస్తే కెమెరా ఆ చీకటినంతా వెలిగించబోయి చంద్రుణ్ణి తెల్లగా మాడ్చేస్తుంది. సూర్యాస్తమయం తర్వాత ఇరవై ఐదు నుంచి నలభై నిమిషాల మధ్య ఆకాశానికీ చంద్రుడికీ వెలుగులో పొత్తు కుదురుతుంది. అప్పుడు పైన ముదురు నీలం, కింద నారింజ రంగు, ఆ మధ్యలో చంద్రుడు. కాస్త నిదానంగా చూస్తే నెలవంక లోపల మిగతా చంద్రబింబం కూడా బూడిద రంగులో లీలగా కనిపిస్తుంది. అది మన భూమి మీద పడిన ఎండ చంద్రుడి దాకా వెళ్ళి తిరిగొచ్చిన వెలుగు. ఈ సంగతి లియొనార్డో డావిన్సీ అయిదు వందల ఏళ్ళ కిందటే తన నోటు పుస్తకంలో రాసుకున్నాడు.

ఫోన్ అయితే తెర మీద చంద్రుణ్ణి తాకి, వేలు అలాగే నొక్కి ఉంచి, వెలుగు తగ్గించే గుర్తును కిందికి లాగండి. నెలవంక రెండు కొనలూ సూదిగా తేలేదాకా లాగాలి. ఫోన్‌ని పిట్టగోడకు ఆనించి మూడు సెకన్ల టైమర్ పెడితే చేయి వణుకు సమస్య ఉండదు. జూమ్ మాత్రం వద్దు. లెన్సుకు ఉన్న శక్తి దాటాక ఫోన్ చేసేది బొమ్మను సాగదీయడమే. కెమెరా ఉన్నవాళ్ళు ట్రైపాడ్ మీద 200 మిల్లీమీటర్ల లెన్సు, ఐఎస్ఓ (వెలుగును పట్టే చురుకు) 400, ఎఫ్ (లెన్సు ఎంత తెరుచుకోవాలన్న అంకె) 5.6 పెట్టుకుని, షట్టర్ తెరిచి ఉంచే సమయం సెకనులో పదిహేనో వంతుతో మొదలుపెట్టవచ్చు. చీకటి పడేకొద్దీ అరసెకను, సెకను దాకా పెంచుకుంటూ పోతే ఆ బూడిద వెలుగు వస్తుంది. రెండు సెకన్లు దాటితే భూభ్రమణం వల్ల శుక్రుడు చుక్కలా ఉండక చిన్న గీత అయిపోతాడు. ఫోకస్ ఆటోకి వదలకండి. తెర మీద శుక్రుణ్ణి పెద్దది చేసి చూస్తూ, చుక్క ఎంత చిన్నదైతే అంత సరిగ్గా కుదిరినట్టు.

ఇంత చేసినా చంద్రుడు ఫోటోలో చిన్నగానే పడతాడు. ఆకాశంలో ఆయన వెడల్పు అర డిగ్రీ, చాచిన చేతి చిటికెన వేలిలో సగం. కెమెరా లోపల బొమ్మ పడే పలక, అంటే సెన్సార్, 36 మిల్లీమీటర్ల వెడల్పుంటే దాని మీద 200 లెన్సుతో రెండు మిల్లీమీటర్లు కూడా రాడు. అందుకే నాకు ఒట్టి చంద్రుడి ఫోటోల మీద పెద్ద మోజు లేదు. కింద ఊరు కనిపించాలి.

చార్మినార్ ఎత్తు సుమారు 56 మీటర్లు. మూడు వందల మీటర్ల దూరంలో నిలబడితే మినార్ల కొనలు సరిగ్గా పిడికిలి ఎత్తుకు వస్తాయి. సర్దార్ మహల్ వైపు రోడ్డు మీదికి వెళ్తే చార్మినార్ వెనక పడమటి ఆకాశం ఉంటుంది. దగ్గరికి జరిగితే మినార్ పెరుగుతుంది, వెనక్కి నడిస్తే తగ్గుతుంది, నెలవంక ఎత్తును బట్టి మనమే జరగాలి. రంజాన్ నెలలో మాత్రం అక్కడ ట్రైపాడ్ కాదు కదా, కాలు పెట్టే చోటు దొరకదు. జనం వద్దనుకుంటే ట్యాంక్‌బండ్ మీద నిలబడితే హుస్సేన్‌సాగర్ నీళ్ళ మీదుగా పడమర తెరిపిగా ఉంటుంది. ఇంకా తెరిపి కావాలంటే గండిపేట. గోల్కొండ పైకెక్కి తీద్దామనుకుంటే కుదరదు, ఆ వేళకి గేట్లు మూసేస్తారు. దానికంటే టోలిచౌకి వైపు ఏదైనా మేడ మీద నుంచి కోటనే ముందు పెట్టుకుని తీయడం మేలు.

ఆకాశాన్ని ఫోటో తీయడం మన ఊరికి పాత అలవాటే. నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలో మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీ తర్వాత బేగంపేటకు మారింది. ప్రపంచంలోని అబ్జర్వేటరీలు ఆకాశాన్ని పంచుకుని నక్షత్ర పటం తయారుచేసినప్పుడు, ఇక్కడివాళ్ళు గాజు పలకల మీద ఫోటోలు తీసి ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు లెక్కగట్టారు. అలాంటి కొలతలు చేసేవాళ్ళు దిగంతం జోలికి పోరు. నడినెత్తిన చుక్క వెలుగు దాటాల్సిన గాలి ఒక వంతు అనుకుంటే, పిడికిలి ఎత్తులో అయిదున్నర వంతులు, దిగంతం అంచున దాదాపు నలభై. శుక్రుడు ఎర్రబడి, రంగులు మారుతూ వణికేది అందుకే. వాళ్ళు తప్పించుకునే ఆ గాలే మన ఫోటోకి రంగు పూస్తుంది.

విదియ నాడు కనపడని చంద్రుడు తదియ నాడు తానే కనపడతాడని సామెత. ఒక్క రోజులో చంద్రుడు సూర్యుడికి ఇంకో 12 డిగ్రీలు దూరం జరుగుతాడు కాబట్టి మనకి ముప్పావు గంటకు పైగా కలిసొస్తుంది. 2023లో ఉగాది మార్చి 22న వచ్చింది. మార్చి 24, తదియ, రంజాన్ మొదటి ఉపవాసం రోజు చంద్రుడు శుక్రుణ్ణి కాసేపు కప్పేశాడు. సాయంత్రానికి శుక్రుడు బయటపడి నెలవంక కిందే వేలాడాడు. ఉగాది రోజుల్లో మనకు నెలవంక వెల్లకిలా, పడవలా పడుకుని ఉంటుంది. సూర్యుడూ చంద్రుడూ గ్రహాలూ నడిచే దారి ఆ సాయంత్రాల్లో పడమట నిలువుగా లేస్తుంది. అదే ఆశ్వయుజంలో సాయంత్రం ఆ దారి ఏటవాలుగా ఒరిగిపోయి, నెలవంక త్వరగా మసకలో కలిసిపోతుంది.

అయితే ఆశ్వయుజంలో తెల్లవారుజాము ఉంది. వానలకు గాలి కడిగినట్టుంటుంది, ఆ దారి అప్పుడు తూర్పున నిలువుగా ఉంటుంది. నరక చతుర్దశి నాడు తలంట్లకు ఎలాగూ లేస్తాం. ఆ వేళకు సన్నటి నెలవంక తూర్పున పొడుస్తుంది, కొన్నేళ్ళు పక్కన వేగుచుక్క కూడా ఉంటుంది. నెక్లెస్ రోడ్డు నుంచి నీళ్ళ మీదుగా చూస్తే అవతల ట్యాంక్‌బండ్ దీపాలు. ఉదయం వెలుగు పెరుగుతూ పోతుంది కాబట్టి లెక్క తిరగేసుకోండి: సెకనుతో మొదలుపెట్టి తగ్గించుకుంటూ రండి, సూర్యుడు రాకముందే లెన్సుకి మూత పెట్టేయండి. సెలవు.