గరిటె అంటే ఏంటమ్మా?

నమస్కారం అండీ. ఒక ఇంట్లో భోజనాల వేళ అనుకోండి. కూతురు "నాన్నా, ఆ గరిటె ఇలా ఇవ్వండి" అంటుంది. అరవై ఏళ్ల తండ్రి ఆమె మొహంలోకి చూసి "గరిటె అంటే ఏంటమ్మా?" అని అడుగుతారు. వేళాకోళం కాదు. చెవులు బాగానే వినిపిస్తున్నాయి, నిన్న ఇంటికి ఎవరొచ్చారో కూడా చెప్పగలరు. ఆ మాటకున్న అర్థం ఒక్కటే చెరిగిపోయింది.

ఇది ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియాలో, అంటే నుదుటి వెనుక, కణతల వెనుక ఉండే మెదడు భాగాలు క్రమంగా అరిగిపోయే జబ్బులో, ఒక రకం. ఇందులో ఎడమ కణత వెనుక ఉండే మెదడు భాగంలో ముందు కొస బాగా కుంచించుకుపోతుంది. అదే నుదుటి వెనుక భాగం అరిగితే మాటల కంటే ముందు మనిషి తీరు మారుతుంది. భార్యకి జ్వరం వచ్చినా పట్టించుకోరు, చావింట్లో నవ్వుతారు. మనవాళ్లేమో "ఈ వయసులో ఈయనకి ఇదేం బుద్ధి" అనేస్తారు. నాకు బాధ కలిగేది అక్కడే. బాగా ముదిరిన కేసుల్లో ఆ మెదడు మడతలు కత్తి అంచులా పలచబడిపోతాయి. దాన్ని బుద్ధి అని ఎలా అంటాం?

1892లో ప్రాగ్ నగరంలో ఆర్నాల్డ్ పిక్ అనే డాక్టరు, మాట పోయిన ఒక రోగి మెదడులో ఇలా కుంచించుకుపోవడం గురించి రాశారు. 1911లో అల్జీమర్ అనే డాక్టరు అలాంటి మెదడు ముక్కకి వెండి రంగు పట్టించి మైక్రోస్కోప్‌లో చూశారు. కణాల లోపల నల్లటి గుండ్రటి ఉండలు కనిపించాయి. వాటినే పిక్ బాడీలు అంటాం. అవి టావ్ అనే ప్రొటీన్ ముద్దలని తర్వాత తెలిసింది.

కానీ అందరిలోనూ టావ్ ఉండదు. సుమారు సగం మందిలో పేరుకునేది టీడీపీ-43 అనే వేరే ప్రొటీన్, 2006లో బయటపడింది. కొద్దిమందిలో ఎఫ్‌యూఎస్ అనే ఇంకో ప్రొటీన్. గరిటె మర్చిపోయిన తండ్రి లాంటివాళ్లలో ఎక్కువగా టీడీపీ-43 ఉంటుంది. మాట కూడబలుక్కుంటూ, తడబడుతూ మాట్లాడే రకంలో ఎక్కువగా టావ్. నడవడిక మారే రకంలో మాత్రం రెండిట్లో ఏదైనా కావచ్చు, పైనుంచి చూసి చెప్పలేం.

ఎంఆర్‌ఐలో కనిపించేది ఎక్కడ అరిగిందో అంతే, ఏ ప్రొటీనో కాదు. కుటుంబంలో వచ్చే జన్యులోపం దొరికితే దాన్నిబట్టి చెప్పొచ్చు. లేకపోతే చనిపోయాక మెదడు పరీక్షలోనే ఖాయంగా తేలుతుంది. అందుకే స్కాన్ చేయించినప్పుడు "నుదుటి వైపు ఎలా ఉంది, కణతల వైపు ఎలా ఉంది, రెండు పక్కలా ఒకేలా ఉందా?" అని డాక్టరుని తప్పకుండా అడగండి.