కిలోమీటర్లను మోసే ఎముక

వ్యాఖ్యాత: నమస్కారం. సుదూర పరుగులో శిక్షణ భారం మాట వచ్చినప్పుడు నాకు మొదట గుర్తుకు వచ్చేది కెన్యా మారథాన్ రన్నర్ కెల్విన్ కిప్టుమ్. 2022 డిసెంబరులో వాలెన్సియాలో తొలి మారథాన్‌ను 2:01:53లో ముగించిన ఆయన, ఏడాది తిరగకముందే షికాగోలో 2:00:35తో ప్రపంచ రికార్డు నెలకొల్పారు. వారానికి 250 నుంచి 280 కిలోమీటర్ల వరకు ఆయన పరుగెత్తేవారని కోచ్ గెర్వైస్ హకిజిమానా చెప్పారు. కోచ్‌గా మీకు ఆ అంకె వింటే ఏమనిపిస్తుంది?

అతిథి: గౌరవమూ కలుగుతుంది, భయమూ కలుగుతుంది. ఆ భయం హకిజిమానాకూ ఉండేది. ఇలాగే కొనసాగితే శరీరం దెబ్బతింటుందని, ఐదేళ్లలో పరుగు జీవితం ముగిసిపోతుందని తన శిష్యుణ్ణి హెచ్చరించినట్టు ఆయనే బయటికి చెప్పారు. 2024 ఫిబ్రవరిలో వాళ్లిద్దరూ కారు ప్రమాదంలో మరణించారు. కిప్టుమ్‌కు అప్పటికి 24 ఏళ్లు. ఆ శిక్షణ ఆయనను పదేళ్ల తర్వాత ఎక్కడ నిలిపేదో చూసే అవకాశం ఎవరికీ దక్కలేదు. అందుకే ఆయన పరుగెత్తిన మూడు మారథాన్‌లను చూపించి ఇరవై ఏళ్ల పిల్లలకు ఆ అంకెను లక్ష్యంగా పెట్టేవారిని చూస్తే నాకు చాలా బాధ కలుగుతుంది.

వ్యాఖ్యాత: అయినా, దూరం పెంచకుండా అత్యున్నత స్థాయికి చేరడం సాధ్యం కాదు కదా?

అతిథి: కాదు, ఆ విషయంలో నాకు సందేహం లేదు. న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ తన రన్నర్లందరి చేతా వారానికి 160 కిలోమీటర్ల దాకా పరుగెత్తించారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆయన శిష్యులు పీటర్ స్నెల్ 800 మీటర్లలోనూ, ముర్రే హాల్‌బర్గ్ 5,000 మీటర్లలోనూ ఒకే రోజు స్వర్ణాలు గెలిచారు. ఏళ్ల తరబడి సాగే తేలికపాటి పరుగు వల్ల గుండె ఒక్కో స్పందనకు పంపే రక్తం పెరుగుతుంది, కండరాలలో సూక్ష్మ రక్తనాళాలు విస్తరిస్తాయి, అదే వేగానికి శరీరం ఖర్చుచేసే ఆక్సిజన్ తగ్గుతుంది. అయితే ఈ లాభం ఒకే తీరుగా పెరుగుతూ పోదు. వారానికి 60 కిలోమీటర్ల నుంచి 100కు వెళ్లినప్పుడు వచ్చే మార్పు 180 నుంచి 220కి వెళ్లినప్పుడు రాదు. అక్కడ దక్కేది కొన్ని సెకన్లే. ప్రపంచ స్థాయిలో ఆ కొన్ని సెకన్లకే పతకం చేతులు మారుతుంది కాబట్టి, ఆ ఆశను వదులుకోవడం ఎవరికీ సులభం కాదు.

వ్యాఖ్యాత: మరి గాయం ఎక్కడ మొదలవుతుంది?

అతిథి: శరీరంలోని భాగాలన్నీ ఒకే వేగంతో బలపడకపోవడంలో మొదలవుతుంది. ఊపిరి, గుండె, కండరాలు కొన్ని వారాలలోనే కొత్త భారానికి అలవాటు పడతాయి. కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువులకు అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది, ఎముకకు నెలలు పడుతుంది. పదే పదే పడే ఒత్తిడికి ఎముకలో సూక్ష్మమైన పగుళ్లు ఏర్పడినప్పుడు శరీరం ముందుగా ఆ పాత భాగాన్ని తొలగించి, ఆ తర్వాతే అక్కడ కొత్త ఎముకను నింపుతుంది. ఈ రెండు పనుల మధ్య కాలంలో ఆ చోటు మునుపటికంటే బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే రన్నర్‌కు ఊపిరి తేలికగా ఆడుతుంది, కాళ్లు చురుగ్గా కదులుతాయి, ఇంకా పెంచవచ్చనిపిస్తుంది. స్ట్రెస్ ఫ్రాక్చర్లు, అంటే పదే పదే పడే ఒత్తిడికి ఎముకలో వచ్చే పగుళ్లు, చాలాసార్లు భారం పెంచిన కొన్ని వారాల తర్వాత, రన్నర్ మంచి ఫామ్‌లో ఉన్నప్పుడే బయటపడటానికి ఇదొక కారణం. దీనికి తోడు ఖర్చయ్యే శక్తికి తగినంత ఆహారం అందకపోతే హార్మోన్లు తగ్గి, స్త్రీలలో నెలసరి ఆగిపోయి, ఎముక మరమ్మతే కుంటుపడుతుంది. పురుషులకూ ఈ ముప్పు తప్పదని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014లోనే స్పష్టం చేశారు.

వ్యాఖ్యాత: వారానికి పది శాతానికి మించి పెంచకూడదన్న నియమం దీనికి సరిపోతుందా?

అతిథి: దాని మీద నాకు పెద్ద నమ్మకం లేదు. కొత్త రన్నర్లపై నెదర్లాండ్స్‌లో జరిగి 2008లో వెలువడిన అధ్యయనంలో, నెమ్మదిగా పెంచిన బృందంలోనూ వేగంగా పెంచిన బృందంలోనూ గాయాల శాతం దాదాపు సమానంగానే తేలింది. ఎలీట్ రన్నర్ల సంగతి వేరే, కానీ ఒక శాతాన్ని పట్టుకొని భద్రంగా ఉన్నామనుకోవడం ఎవరికైనా ప్రమాదమే.

వ్యాఖ్యాత: కెన్యాకే చెందిన మారథాన్ రన్నర్ ఎలియుడ్ కిప్‌చోగే వారానికి 200 కిలోమీటర్లకు పైగా ఏళ్ల తరబడి పరుగెత్తారు కదా?

అతిథి: అవును. అయితే ఆయన 2003లో 5,000 మీటర్ల ప్రపంచ విజేత, 2022లో బెర్లిన్‌లో 2:01:09 పరుగెత్తారు. ఈ రెండింటి మధ్య దాదాపు ఇరవై ఏళ్ల శిక్షణ ఉంది. ఆ దూరాన్ని మోసే కాళ్లు ఆ ఏళ్లలో తయారయ్యాయి. పైగా అంతటి భారాన్ని తట్టుకొని నిలిచినవారే మన కంటికి కనిపిస్తారు. అదే ప్రణాళికతో పిక్క కండరమో మడమ పైన స్నాయువో దెబ్బతిని ఇరవై రెండేళ్లకే తప్పుకున్నవారి శిక్షణ డైరీలను ఎవరూ చదవరు. నిలిచినవారికీ అది శాశ్వతం కాదు. 2003లో లండన్‌లో 2:15:25 పరుగెత్తిన బ్రిటన్ రన్నర్ పౌలా రాడ్‌క్లిఫ్, 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ మారథాన్‌ను మధ్యలోనే ఆపివేయవలసి వచ్చింది. 2008 బీజింగ్‌కు ముందు ఆమె తొడ ఎముకకు స్ట్రెస్ ఫ్రాక్చర్ అయింది, అయినా పరుగెత్తి 23వ స్థానంలో ముగించారు.

వ్యాఖ్యాత: అయితే మీ రన్నర్‌కు ఎంత దూరం తగినదో మీరు ఎలా నిర్ణయిస్తారు?

అతిథి: ఒకప్పుడు తప్పుగా నిర్ణయించాను. నా దగ్గర శిక్షణ పొందిన ఒక అమ్మాయి వారానికి 130 కిలోమీటర్లు హాయిగా పరుగెత్తుతుంటే, ఆరు వారాలలో 160కి తీసుకువెళ్లాను. ఆ ఐదో వారంలో ఆమె తన జీవితంలోనే అత్యుత్తమమైన టెంపో పరుగు (నిలకడగా వేగంగా సాగే శిక్షణ పరుగు) పూర్తిచేసింది. ఏడో వారంలో మోకాలి కింది ఎముకలో ఫ్రాక్చర్ బయటపడి, ఆ సీజన్ మొత్తం పోయింది. నొప్పి ఉదయం పూట ఉంటుందని, పరుగు మొదలుపెట్టాక తగ్గిపోతుందని ఆమె రెండుసార్లు చెప్పింది. తగ్గిపోతోంది కదా అని నేను దాటవేశాను. ఇప్పుడు నా రన్నర్లు డైరీలో దూరం కంటే ముందు, ఉదయం మంచం దిగి వేసిన మొదటి పది అడుగులు ఎలా ఉన్నాయో రాస్తారు. అక్కడ ఎముక మీద ఒకేచోట నొప్పి అని వరుసగా రెండు రోజులు కనిపిస్తే, రేసు ఎంత దగ్గరలో ఉన్నా మూడో రోజు పరుగు ఉండదు. కొలనులో నీటి పరుగు, సైకిల్, ఆ తర్వాత స్కాన్.