ఎలక్ట్రాన్ల వేడి వాయువు చేతిలో
(విశాఖపట్నంలో భౌతికశాస్త్ర విద్యార్థుల కోసం సిద్ధం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ప్లాస్మాలో, అంటే విడివడిన ఎలక్ట్రాన్లు, అయాన్లు ఉన్న వాయువులో, ఎలక్ట్రాన్లు ఇంకాస్త వేడెక్కాలి అనుకోగానే మన చెయ్యి పవర్ నాబ్ మీదికి పోతుంది. పొరపాటు అక్కడే మొదలవుతుంది. తక్కువ పీడనంలో పవర్ రెట్టింపు చేస్తే ఎలక్ట్రాన్ల సంఖ్య దాదాపు రెట్టింపవుతుంది. ఒక్కొక్క దాని సగటు శక్తి మాత్రం ఇంచుమించు ఉన్నచోటే ఉంటుంది.

గోడకు తగిలి పోయే ఎలక్ట్రాన్లు ఎన్నో, అణువులు అయనీకరణం చెంది (అంటే ఎలక్ట్రాన్‌ను కోల్పోయి) కొత్తగా పుట్టేవీ అన్నే కావాలి. పుట్టుకా పోకడా రెండూ ఎలక్ట్రాన్ల సంఖ్యను బట్టే పెరుగుతాయి కాబట్టి లెక్కలో ఆ సంఖ్య కొట్టుకుపోతుంది. ఎలక్ట్రాన్ల సగటు శక్తిని, అంటే వాటి ఉష్ణోగ్రతను, తేల్చేవిగా మిగిలేవి చాంబర్ కొలత, పీడనం, వాయువు. చాంబర్‌ను మార్చలేం. పీడనం మారిస్తే ప్లాస్మాతో వేసే పూత నాణ్యత దెబ్బతినొచ్చు. అందుకే వాయువుల పాళ్ల దగ్గరికి వస్తాం.

మీ గదిలోని పాత ట్యూబ్‌లైట్‌నే చూడండి. అందులో ఆర్గాన్ సుమారు 400 పాస్కల్ ఉంటే పాదరసపు ఆవిరి ఒక పాస్కల్ కూడా ఉండదు. అయినా అయనీకరణ భారమంతా దాదాపు పాదరసానిదే, ఎందుకంటే దాని నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడబీకడానికి 10.44 ఎలక్ట్రాన్‌వోల్టుల (ఎలక్ట్రాన్ శక్తిని కొలిచే ప్రమాణం) శక్తి చాలు, ఆర్గాన్‌కు 15.76 కావాలి. ఆ చిటికెడు పాదరసమే ఎలక్ట్రాన్లను ఒక ఎలక్ట్రాన్‌వోల్టు దగ్గర కట్టేస్తుంది. లంబసింగి చలిలో అదే ట్యూబు వెలవెలబోతుంది. ఆవిరి తగ్గిపోతుంది, ఎలక్ట్రాన్లు వేడెక్కి ఆర్గాన్ మీద పడతాయి.

సులువుగా అయనీకరణం చెందే వాయువుదే పెత్తనం, అది కొంచెమే ఉన్నా సరే. ఆర్గాన్‌లో కాస్త జినాన్ (12.13) కలిపితే ఎలక్ట్రాన్లు చల్లబడతాయి. హీలియం (24.59) కలిపితే వేడెక్కుతాయి. అయితే సగం హీలియం పోసి గ్రాఫు ఎగబాకలేదని బెంగపడకండి. మిగిలిన ఆర్గాన్ ఇంకా పని చేస్తూనే ఉంటుంది. అసలు మార్పు ఆర్గాన్ కొద్ది శాతానికి పడిపోయాకే కనిపిస్తుంది. కాబట్టి కొలతలు 0, 50, 80, 90, 95, 98 శాతం హీలియం దగ్గర తీసుకోండి. సమాన దూరాల్లో తీస్తే ఆసక్తికరమైన భాగమంతా చివరి రెండు చుక్కల మధ్య ఇరుక్కుంటుంది.

నైట్రోజన్ సంగతి వేరు. దాని అణువులు కంపించడం మొదలుపెట్టి 2 నుంచి 4 ఎలక్ట్రాన్‌వోల్టుల మధ్య ఉన్న ఎలక్ట్రాన్ల శక్తిని లాగేసుకుంటాయి. శక్తి పంపిణీలో, అంటే ఏ శక్తి దగ్గర ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయో చూపే వక్రరేఖలో, అక్కడ లోయ పడుతుంది. అప్పుడు ఉష్ణోగ్రత అంటూ ఒక్క అంకె చెబితే సరిపోదు, వక్రరేఖ మొత్తం చూపించాలి.

ఇక పని దగ్గరికి వద్దాం. మొత్తం పీడనం 20 మిల్లీటార్ దగ్గర కదలకుండా పెట్టండి. దాన్ని పిరానీ గేజ్‌తో (వాయువు వేడిని మోసుకుపోయే తీరును బట్టి పీడనం చెప్పే సాధనంతో) కొలవొద్దు. నైట్రోజన్‌కు సరిచేసిన పిరానీ ఆర్గాన్‌లో తక్కువ చూపిస్తుంది, పాళ్లు మారేకొద్దీ తప్పూ మారుతుంది. ఏ వాయువైనా పలుచని పొర మీద పడే ఒత్తిడినే కొలిచే కెపాసిటెన్స్ మానోమీటర్ వాడండి. ప్రవాహాల నిష్పత్తే చాంబర్‌లో నిష్పత్తి అనీ అనుకోవద్దు, చాంబర్‌ను ఖాళీ చేసే టర్బో పంపు రెండు వాయువులనూ ఒకే వేగంతో లాగదు. ఒక్కో వాయువును విడిగా పంపి, ఏ ప్రవాహానికి ఎంత పీడనం వస్తుందో ముందే రాసుకోండి.

మన ఊళ్లో అసలు శత్రువు సముద్రపు గాలి. చాంబర్ తెరిచిన ప్రతిసారీ స్టీలు గోడలకు తేమ పడుతుంది. నీటి అణువుకు 12.6 ఎలక్ట్రాన్‌వోల్టులు చాలు. 98 శాతం హీలియం పెట్టినా ఉష్ణోగ్రత పెరగకపోతే ముందు ఆ తేమనే అనుమానించండి. వర్ణపటంలో 309 నానోమీటర్ల దగ్గర వెలుగు ఉంటే నీరు, 391 దగ్గర ఊదా రేఖ ఉంటే నైట్రోజన్, అంటే బహుశా లీకు. పంపు వాల్వు మూసి పీడనం గమనించండి. ఒకే తీరున పెరుగుతూ పోతే లీకు, పెరిగి నెమ్మదిస్తే గోడల తేమ. తేమే అయితే చాంబర్‌ను రాత్రంతా 100 డిగ్రీలకు కొంచెం పైన కాల్చండి, గాలి చొరబడకుండా వేసే ఓ-రింగులు నైట్రైల్‌వి కాకుండా వేడి తట్టుకునే విటాన్‌వైతేనే సుమా. మరోసారి తెరిచేటప్పుడు గది గాలి కాదు, పొడి నైట్రోజన్ నింపండి.

ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత కొలవడానికి ప్లాస్మాలో పెట్టే ప్రోబ్‌కు 0.1 మిల్లీమీటర్ల టంగ్‌స్టన్ తీగ చాలు. ప్లాస్మా 13.56 మెగాహెర్ట్జ్‌తో నడిచేదైతే ఆర్ఎఫ్ కాంపెన్సేషన్ (ఆ రేడియో తరంగాల ఊగిసలాట కొలతను చెడగొట్టకుండా చేసే ఏర్పాటు) తప్పనిసరి. అది లేకపోతే ఏ వోల్టేజీకి ఎంత కరెంటో చూపే వక్రరేఖ సాగిపోయి లేని వేడి చూపిస్తుంది, ఆ ఘనత మనం హీలియంకు కట్టబెడతాం. వోల్టేజీ పెంచుతూ ఒకసారి, తగ్గిస్తూ ఒకసారి గీయండి. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడకపోతే తీగకు మురికి పట్టినట్టే. పాజిటివ్ వోల్టేజీ ఇచ్చి ఎర్రగా కాలేదాకా ఉంచి, చల్లారాక మళ్లీ గీయండి. రెండూ కలిశాకే హీలియం వాల్వు తెరవండి.