గుండెల్లో మంటా? గ్యాస్ బిళ్ల మింగే ముందు ఈ సీసా చూడండి

నమస్తే అండీ. ఇదిగో, నా చేతిలో ఉన్నది నీళ్ల సీసా. సగం వరకే పోశాను. మూత బిగించలేదు, ఊరికే పైన పెట్టాను. నిలబెడితే ఏమీ కాలేదు కదా? ఇప్పుడు పడుకోబెడుతున్నా చూడండి. కారిపోతోంది! టేబుల్ తడిస్తే తడిసింది, ఇవాళ్టి పాఠమంతా ఈ సీసాలోనే ఉంది.

సీసా మన పొట్ట. మూతేమో, అన్నవాహిక వచ్చి పొట్టలో కలిసేచోట ఉండే కండరం. ముద్ద దిగేటప్పుడు అది తెరుచుకోవాలి, దిగగానే మూసుకోవాలి. అది వదులైనా, తెరుచుకోకూడని వేళ తెరుచుకున్నా పొట్టలోని యాసిడ్ పైకి తంతుంది. పొట్ట లోపల గోడకి జిగురు పొర ఉంటుంది కాబట్టి యాసిడ్‌ని తట్టుకుంటుంది. అన్నవాహికకి ఆ కాపలా లేదు, అందుకే మండుతుంది. గుండెల్లో మంట అంటాం గానీ, గుండెకి దీంతో సంబంధం లేదు. పక్కనే ఉన్న పాపానికి దాని పేరు వాడుతున్నాం.

మన ఇళ్లలో దీనికి ఇంకో పేరుంది, గ్యాస్. పొట్ట ఉబ్బితే గ్యాస్, ఛాతీ మండితే గ్యాస్, ఆఖరికి వీపు పట్టేసినా గ్యాసే. ఈ పేరుతోనే ప్రమాదం. మా పెదనాన్నకి ఓ రాత్రి ఛాతీ బరువెక్కి చెమటలు పట్టాయి. గ్యాసేలే అని సోడా తాగించి పడుకోబెట్టారు. తెల్లారి ఈసీజీ తీస్తే గుండెపోటు. అదృష్టం, బతికారు. ఛాతీ మీద రాయి పెట్టినట్టు బరువు, చెమట, ఆయాసం, నొప్పి భుజానికో దవడకో పాకడం, వీటిలో ఏది కనిపించినా సోడాలూ వాము నీళ్లూ వద్దు, 108కి ఫోన్ చేయండి. షుగర్ ఉన్నవాళ్లకి నొప్పి పెద్దగా తెలియకుండానే గుండెపోటు రావచ్చు, ఇంకా జాగ్రత్త.

మరి యాసిడ్ మంట ఎలా ఉంటుంది? తిన్నాక, వంగినప్పుడు, పడుకున్నప్పుడు ఎక్కువవుతుంది. గొంతులోకి పుల్లనీళ్లు వస్తాయి. కొందరికి మంటే ఉండదు, రాత్రిపూట పొడిదగ్గు, పొద్దున లేచేసరికి బొంగురు గొంతు, అంతే.

మళ్లీ సీసా దగ్గరికి వద్దాం. ఈసారి నిండా పోశాను. నిలబెట్టే ఉంచి, పక్కల నుంచి నొక్కుతున్నా. చూశారా, నిలబడి ఉన్నా పొంగింది. బిర్యానీ రెండో ప్లేటు, బిగించి కట్టిన బెల్టు, పెరిగిన బొజ్జ చేసే పని ఇదే. గర్భిణుల్లో మంట ఎక్కువగా ఉండటానికి ఈ ఒత్తిడి ఒక కారణం, హార్మోన్ల వల్ల మూత వదులవడం ఇంకో కారణం.

ఇక రాత్రి సంగతి. 10 గంటలకి తిని 10:30కి పడుకుంటే నిండు సీసాని పడుకోబెట్టినట్టే. తిండికీ పడకకీ మధ్య 3 గంటలు ఉండాలి. నైట్ షిఫ్టుల వాళ్లకీ ఇదే లెక్క, డ్యూటీ దిగొచ్చి ఇడ్లీ తిని వెంటనే వాలిపోకండి. 'తల కింద రెండు దిండ్లు పెట్టుకుంటే సరిపోదా' అని అడుగుతారు. సరిపోదు. మెడ వంగుతుంది, నడుం దగ్గర మడతపడి పొట్ట ఇంకా నలుగుతుంది. మంచం తలవైపు కోళ్ల కింద 6 నుంచి 8 అంగుళాల చెక్క దిమ్మలు పెట్టండి, ఒళ్లంతా ఏటవాలుగా ఉండాలి. ఎడమవైపు తిరిగి పడుకుంటే మరీ మంచిది, అప్పుడు పొట్ట అన్నవాహిక కన్నా కిందికి ఉంటుంది.

తిండి గురించి నేను పెద్ద జాబితా చదవను. ఆవకాయ ఒకరికి పడదు, ఇంకొకరికి కాఫీ పడదు. 2 వారాలు ఏం తిన్నారో, ఎప్పుడు మండిందో రాసుకోండి, మీ శత్రువెవరో మీకే తెలుస్తుంది. అయితే నూనెలో మునిగినవి చాలామందికి పడవు, కొవ్వు పొట్టలో ఎక్కువసేపు నిలుస్తుంది. సిగరెట్, మద్యం మూతని వదులు చేస్తాయి. చల్లటి పాలు? తాగగానే హాయిగా ఉంటుంది, కాసేపటికి యాసిడ్ మళ్లీ ఊరుతుంది.

ఇప్పుడు బిళ్ల. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి మంట వచ్చాక వేసుకుని 'పనిచేయలేదు' అంటారు. ఇవి యాసిడ్‌ని ఊరించే పంపుల్ని ఆపేవి. మనం తినేటప్పుడే ఆ పంపులు పని మొదలెడతాయి, ఆ వేళకి మందు రక్తంలో సిద్ధంగా ఉండాలి. అందుకే పరగడుపున, టిఫిన్‌కి అరగంట ముందు. పూర్తి ఫలితానికి కొన్ని రోజులు పడుతుంది. అప్పటికప్పుడు ఉపశమనం కావాలంటే యాంటాసిడ్ సిరప్ వేరే ఉంది.

డాక్టర్లు ఈ బిళ్లని మామూలుగా 4 నుంచి 8 వారాలకి రాస్తారు. అదే చీటీ పట్టుకుని ఏళ్ల తరబడి మింగేవాళ్లున్నారు. అలా వాడితే బి12, మెగ్నీషియం తగ్గొచ్చు. అలాగని ఒక్కసారిగా మానేసినా యాసిడ్ ఎగదన్నవచ్చు, డాక్టర్‌ని అడిగి తగ్గించుకోండి. మోకాళ్ల నొప్పులకని డైక్లోఫెనాక్ వేసుకుంటుంటే అది కూడా చెప్పండి.

ముద్ద గొంతు దిగకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తం కక్కుకోవడం, మలం తారులా నల్లగా రావడం, వీటికి బిళ్లలతో కాలక్షేపం చేయొద్దు. గ్యాస్ట్రో డాక్టర్ ఎండోస్కోపీ చేస్తారు, అంటే కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని నోట్లోంచి పంపి లోపల చూస్తారు. చాలాసార్లు పది నిమిషాల్లో అయిపోతుంది. ముందురోజు రాత్రి భోజనం చేశాక ఇక ఏమీ తినకుండా వెళ్లాలి. పొద్దున్నే కాఫీ కూడా వద్దు, అలవాటు కొద్దీ తాగేసి వెళ్తే మరో రోజు రమ్మంటారు.