986ను 7తో భాగించండి | అనంతపురం వ్లాగ్

హాయ్ అండీ అందరికీ! ఈరోజు అసలు ఉగ్గాని-బజ్జి, అదే మా సీమ బొరుగుల టిఫిను, వీడియో చేద్దామనుకున్నా. అనంతపురం వచ్చి పది రోజులైంది, ఇంకా ఉగ్గాని చూపించలేదేమని అమెరికా ఫ్రెండ్స్ ఒకటే గోల. పొద్దున్నే నాయన తెచ్చినాడు కూడా, అదిగో పొట్లాలు. కెమెరా ఆన్ చేసేలోపల హాల్లో లెక్కల పంచాయితీ మొదలైంది.

మావాడు న్యూజెర్సీలో నాలుగో క్లాసు అయిపోయి ఐదుకి పోతాడు. సెలవుల్లో చేయమని బళ్లో కాగితాల కట్ట ఇచ్చి పంపినారు. అందులో ఒక లెక్క: 986ను 7తో భాగించు. దానికిందే ఇంకో లైను: ఎట్ల చేసినావో మాటల్లో వివరించు.

నాయన రిటైర్డ్ అయివారు కదా, చేతులు ఊరుకుంటాయా! పాత క్యాలెండరు కాగితం తిప్పి మొదలుపెట్టినాడు. "తొమ్మిదిలో ఏడు ఒకసారి, రెండు మిగిలె. ఎనిమిది దింపు. ఏడు నాలుగుల ఇరవై ఎనిమిది, సరిపాయె. ఆరు దింపు. ఆరులో ఏడు పోదు, సున్నా పెట్టు. 140, శేషం 6." అర నిమిషం పట్టలేదు.

మావాడు కాగితం అటూ ఇటూ తిప్పి, "తాతా, జవాబు పక్కన రాసినావే? పైన కదా రాయాల!" అన్నాడు. అవునండీ, అక్కడ భాగఫలం లెక్క నెత్తిమీద కూర్చుంటుంది. మనకేమో కుడిపక్క బ్రాకెట్ అవతల. నాకే ఇన్నాళ్లూ తట్టలేదు. "యాడ కూచుంటే ఏమప్పా, జవాబు మారుతుందా?" అన్నాడు నాయన.

అక్కడ వీళ్ల పద్ధతే వేరే. కామన్ కోర్ అని 2010లో లెక్కలకి, ఇంగ్లీషుకి కొత్త ప్రమాణాలు తెచ్చినారు. దాని లెక్కన మన దింపుడు భాగహారం గట్టిగా రావాల్సింది ఆరో క్లాసుకి. అంతదాకా ఇట్ల: 986లో 700 తీసెయ్, అంటే ఏడు 100 సార్లు పోయింది. మిగిలింది 286. అందులో 210 తీసెయ్, ఇంకో 30 సార్లు. 76 మిగిలె. 70 తీసెయ్, 10 సార్లు. ఇంక 6. పక్కన రాసుకున్న 100, 30, 10 కూడితే 140.

మొదట్లో నాకు ఒళ్లు మండేది. జవాబు కరెక్టే, వివరణ లేదని మార్కు కోసేవాళ్లు. మనకూ స్టెప్పులకి మార్కులుంటాయి, కానీ కథలు రాయమనరు కదా! చివరికి జనవరిలో ట్యూషన్ పెట్టేసినాం, గంటకి 60 డాలర్లు. డాలరు 85 వేసుకున్నా 5,100 రూపాయలు. అమ్మ వంటింట్లోంచే, "గంటకి ఐదు వేలా! ఆ దుడ్డుకి మీ నాయన ఊరంతటికీ చెప్పేవాడు కదే!"

ఒకటి మాత్రం ఒప్పుకోవాల. చిన్నప్పుడు ఈ చివరి సున్నా మింగేసి, 14 అని రాసి, నాయన చేతిలో మొట్టికాయలు తిన్నదాన్ని నేను. మావాని పద్ధతిలో సున్నా తప్పిపోదు, 100, 30, 10 అని ముందే రాసి ఉంటుంది కాబట్టి.

నాయన పెన్ను తీసుకుని మావాని పద్ధతిలోనే మళ్లీ చేసినాడు, ఒకే దెబ్బకి! "పద్నాలుగేడ్లు తొంభై ఎనిమిది. అంటే 140 సార్లు 980. ఒక్కసారే తీసెయ్. 6." మావాడు నోరు తెరిచినాడు. వానికి పన్నెండో ఎక్కంతో సరి మరి.

"నాయనా, నీకీ పద్ధతి ఎట్ల వచ్చు?" అంటే పలకలేదు. అమ్మ లోపలికి పోయి ఒక నోట్‌బుక్ తెచ్చి నా ముందర పెట్టింది. ట్యూషన్ పెట్టకముందు మావానికి నాయనే వీడియో కాల్‌లో చెప్పేవాడు. ఎండాకాలం టైమింగ్‌లో అక్కడ రాత్రి ఎనిమిదంటే ఇక్కడ తెల్లారి ఐదున్నర. వాడు అడిగిన ప్రతి లెక్కా తేదీ వేసి రెండు పద్ధతుల్లోనూ చేసి పెట్టుకున్నాడు. పేజీలు తిప్పినా. జనవరి అయిపోయింది. ఫిబ్రవరి ఉంది. మార్చి, ఏప్రిల్, మే కూడా.

"ఐదుకే మెలకువ వస్తాది, ఏం చేయాల? ఉగ్గాని చల్లారిపోతాంది, తినండి" అని లేచిపోయినాడు.

ఒక్క నిమిషం... కెమెరా కింద పెట్టి వస్తా.

ఆఁ, వచ్చినా. మావాడు వివరించమన్న లైను నింపేసినాడండీ. ఏం రాసినాడో చూడండి: "మా తాతకి పద్నాలుగో ఎక్కం వచ్చు."